పాల బండికి చలికాలపు లైటు

ముప్పై ఏళ్లు నిండకముందే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వస్తోంది. కానీ ఉద్యోగం మానేసి చాలా రోజులైంది, మళ్లీ వెళ్తానో లేదో తెలియదు. పాప పడుకున్నాక దొరికే ఈ కాసేపట్లో వెనక్కి చూసుకుంటే, పనిచేసిన రోజులన్నింటిలో ఒక్క చలికాలమే పదేపదే గుర్తొస్తుంది. మొన్న మా చిన్నమ్మ కూతురు సిద్దిపేటలోనే ఒక బండ్ల షోరూంలో చేరింది. "అక్కా, గాడ పని ఎట్లుంటది? పరేషాన్ ఏం ఉండదు కదా?" అని ఫోన్ చేసింది. ఏం ఉండదని చెప్పి పెట్టేశాను. చెప్పాల్సింది చెప్పలేదు. ఆమెకూ, ఆమెలాగా కొత్తగా కౌంటర్ ముందు కూర్చునేవాళ్లకూ ఇది రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక నేను చేరింది మోటారు సైకిళ్ల సర్వీస్ సెంటర్‌లో. వచ్చిన బండికి ఏం బాధో అడిగి తెలుసుకోవడం, లోపల షెడ్డులో ఉన్న మెకానిక్‌లకు చెప్పడం, బండి తీసుకుపోయేటప్పుడు ఏం చేశామో యజమానికి వివరించడం నా పని. సర్వీస్ అడ్వైజర్ అనేవారు. మొదట్లో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నన్ను చూసి "మెకానిక్ లేడా బిడ్డా?" అని అడిగేవారు. ఉన్నాడంటే నన్ను దాటి నేరుగా షెడ్డులోకి నడిచేవారు. అక్కడ హెడ్ మెకానిక్ వాళ్లను మళ్లీ నా దగ్గరికే పంపేవాడు.

ఆ హెడ్ మెకానిక్‌ను అందరం చాచా అని పిలిచేవాళ్లం. సిద్దిపేటలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగులో మొదలుపెట్టిన మాటను ఉర్దూలో ముగించేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని బస్సు దిగి ఇంటికి తిరిగిపోయిన రోజులున్నాయి. ఇంజన్ ఆయిల్ కోసం వచ్చిన మనిషిని కూడా "బ్రేకు మంచిగ పడుతుందా? వానలో జారుతుందా?" అని అడిగేదాన్ని. చాచా నాకు 'డర్ కీ దుకాణ్' అని పేరు పెట్టాడు. భయాల దుకాణం అన్నమాట. "పోన్రి, ఆ దుకాణంల పోయి అడుగున్రి. మీకు తెల్వని బీమారీలు గూడ బండికి చెప్తది" అని కస్టమర్లను నా మీదికి తోలేవాడు.

కానీ ఆ ఉద్యోగంలో నా భయం పనికొచ్చింది. ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన గుణమే అక్కడ నాకు మంచి పేరు తెచ్చింది.

దసరా దాటి చలి మొదలైందంటే మాకు తీరిక ఉండేది కాదు. పొద్దున ఎంత కొట్టినా స్టార్ట్ కాని బండ్లు, దసరా పూజకని డీజిల్‌తో కడిగి బ్రేకుల్లోకి కూడా డీజిల్ పోనిచ్చిన బండ్లు, వరుసగా వచ్చి నిలబడేవి. అలాంటి ఒక చలికాలం మొదట్లో మా ఎలక్ట్రీషియన్ ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు.

ఎలక్ట్రీషియన్ నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు. వాళ్ల ఊరు మద్దూరు పోయే తొవ్వలో ఉంటుంది. రోజూ అక్కడి నుంచే వచ్చేవాడు. బండి వైరింగ్‌లో ఏ తప్పయినా వెతికి పట్టేవాడు. కొత్త బండ్లలో వస్తున్న ఎలక్ట్రానిక్ పనులు నేర్చుకోవడానికి అతన్ని హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు పంపాలని మా మేనేజర్ అప్పటికే అనుకుంటున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా అతను సిగ్గుపడి పానా కోసం వెతుక్కునేవాడు.

అతను తీసుకొచ్చింది వాళ్ల ఊరి పాలాయనను. ఊరి వరస ప్రకారం మామ. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని, బండికి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని, సిద్దిపేటలో హోటళ్లకూ ఇళ్లకూ పోస్తాడు. బండి చాలా పాతది. వెల్డింగ్ మీద వెల్డింగ్ పడి క్యాన్ల ఫ్రేము ముడులు పడ్డ తాడులా ఉంది.

"ఇగో చెల్లె, మా మామ. పాలు అమ్ముతడు. నీళ్లు ఊకెనే పోస్తడు" అని పరిచయం చేశాడు ఎలక్ట్రీషియన్.

"నీ అల్లునితనం పాడుగాను" అన్నాడాయన నవ్వుతూ. "బిడ్డా, నీళ్లు పోసేది నేను గాదు, వీళ్లవ్వ. వీళ్ల బర్రె పాలు పోస్తె నా క్యాను కడిగినట్టయితది."

ఏం బాధ కాకా బండికి అని అడిగాను. ఆయన బండి వైపు చూశాడు. "బాధంటె... పొద్దుగాల లేవదు. కిక్కు కొట్టి కొట్టి మోకాలు వోయింది. లైటు దీపం బుడ్డి లెక్కనే. మెల్లగ వోతె ఇంకింత సన్నగయితది. మంచు వడ్డనాడు నా ముందు చక్రం నాకే కనవడదు. గిన్నేండ్ల సంది అందాజ మీద తోల్తున్న."

పాత బండ్లలో అది మామూలే. హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజన్ తిరిగేదాన్ని బట్టి వస్తుంది. జోరుగా పోతే వెలుగు, నెమ్మదిగా పోతే చీకటి. ఏ మలుపు దగ్గర వెలుగు అవసరమో సరిగ్గా అక్కడే అది మసకబారుతుంది.

"రెండు రోజులు బండి ఇక్కడ వదిలిపెట్టు కాకా. అన్నీ చేసిస్తాం" అన్నాను.

నేనేదో కాని మాట అన్నట్టు చూశారు ఇద్దరూ. "పాలు ఆగుతయా చెల్లె?" అన్నాడు ఎలక్ట్రీషియన్. బర్రె పొద్దునా సాయంత్రం పాలిస్తుంది. సర్వీసింగ్ ఉందని ఆగదు. ఇంకొకరి బండి మీద పోదామంటే క్యాన్ల ఫ్రేము దీనికి తప్ప దేనికీ పట్టదు. ఒక పూట పోకపోతే హోటల్‌వాళ్లు ఇంకొకరితో పోయించుకుంటారు, ఆ వాడుక మళ్లీ తిరిగి రాదు.

అలా మొదలైంది ఆ బండి చలికాలపు ప్లాను. నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చిన పని అది. చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రాదు గానీ, అది నిజం. ఆయన పొద్దుటి పాలు పోసేసి మా దగ్గరికి వస్తాడు. సాయంత్రం పాల వేళకు ఊళ్లో ఉండాలి. మధ్యలో దొరికే ఆ కొన్ని గంటల్లో ఏ రోజు ఏది విప్పాలి, విప్పింది మళ్లీ బిగించడానికి వీలవుతుందా, సామాను ముందే తెప్పించి ఉందా అని నేను చూసుకునేదాన్ని. ఒక రోజు కార్బ్యురేటర్ శుభ్రం, ప్లగ్గు. ఇంకో రోజు చైను, బ్రేకు షూలు. క్యాన్ల ఫ్రేము వెల్డింగుకు మాత్రం ఆయన పండుగ పూట కూడా కూర్చోవాల్సి వచ్చింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయంటే, సీటు కవర్లు కుట్టే అతనితో రెక్జిన్ తొడుగులు కుట్టించి హ్యాండిల్‌కు తగిలించాం.

ఆయన వచ్చి కూర్చున్నప్పుడల్లా షెడ్డులో సందడే. మధ్యాహ్నం చాచా టిఫిన్ విప్పితే పాలాయన దాంట్లోకి క్యాను అడుగున మిగిలిన పాలు ఒంపబోయేవాడు.

"వద్దు భాయ్. నీ పాలు తాగితె మళ్ల నీళ్లు తాగే పని లేదంటున్నడు నీ అల్లుడు" అనేవాడు చాచా.

"ఆడు అట్లనే అంటడు. ఆనికి పిల్లనియ్యలేదని నా మీద కోపం" అనేవాడాయన. ఆయనకున్నది ఇద్దరు కొడుకులే, ఆడపిల్లలే లేరు.

అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే ఎక్కువ చర్చతో అయింది లైటు పని. బ్యాటరీ కొత్తది వేసి, వైరింగ్ మార్చి, బండి నిలబడి ఉన్నా ఒకేలా వెలిగే ఎల్ఈడీ లైటు పెడదామన్నాడు ఎలక్ట్రీషియన్. తెల్ల లైటు తేబోతుంటే చాచా ఆపాడు. "మంచుల తెల్లది గోడ లెక్క నిలవడతది రా. పసుపుది తే. కింద బిగించు, పైన గాదు." నేను ఇంకో అడుగు ముందుకేసి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడకుండా ఎంత వంచాలో గోడ మీద వెలుగు వేయించి మరీ చూశాను. మళ్లీ బ్యాటరీ దిగిపోతుందేమో, వాన నీళ్లు పోతాయేమో అని ఎలక్ట్రీషియన్ ప్రాణం తోడేశాను. "చెల్లె, నీకు పుట్టబోయే పిల్లకు గూడ హెల్మెట్ పెట్టి కంటవేమో" అన్నాడు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను.

లైటు పెట్టించుకుపోయిన మర్నాడు ఆయన షెడ్డులోకి వచ్చిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. బండి స్టాండు కూడా వేయకుండా ఎలక్ట్రీషియన్ భుజం పట్టుకుని ఊపాడు. "అల్లుడా, సూర్యున్ని బండికి కట్టినవ్ రా! తొవ్వల కుందేలు ఉరికితె దాని మీసాలు గూడ కనవడ్డయి!" అంతకుముందు చీకట్లో నెమ్మదిగా పోవాల్సి ఉండటంతో చాలా ముందు లేచేవాడట. ఇప్పుడు కొంచెం ఎక్కువసేపు పడుకుంటున్నానని, ఇంటామె కూడా సంతోషపడుతున్నదని చెప్పాడు. నాకు ఆ మాట ఎంత గర్వంగా అనిపించిందంటే, రాత్రి అన్నం తింటూ మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

అదే రోజుల్లో వరి కోతలు. మా వైపు సంగతి మీకు తెలుసు. వడ్లు కోశాక ఆరబోయడానికి అందరికీ కల్లాలుండవు. రోడ్డే కల్లం. సగం రోడ్డు బండ్లకు, సగం వడ్లకు. పొద్దంతా కాళ్లతో తిరగదోస్తారు. మంచు పడుతుందని సాయంత్రానికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. తేమ తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆ ఏడు మంచుకు వడ్లు ఆరక అందరిదీ అదే గోస. ఎలక్ట్రీషియన్ వాళ్ల ఇల్లు ఊరి చివర మలుపు దగ్గర. వాళ్ల వడ్లు ప్రతి ఏడూ ఆ మలుపు మీదే. మా అత్తగారింటి వడ్లు వాళ్ల వాకిలి ముందు రోడ్డు మీద. మేనేజర్ మామగారి వడ్లు గజ్వేల్ దగ్గర ఏదో రోడ్డు మీద. వడ్లు ఆరాయా లేదా అనే మాట్లాడుకునేవాళ్లం టీ తాగుతూ. ఆ షెడ్డులో బండ్లు బాగు చేసే మేమే, ఇంటికి పోయి బండ్లు పోయే రోడ్డు మీద వడ్లు పోసేవాళ్లం. ఈ రెండూ ఒకే రోడ్డని మాలో ఎవరికీ తట్టలేదు. భయాల దుకాణం నడిపిన నాకు కూడా.

ఆ రోజు పొద్దున ఎలక్ట్రీషియన్ పనికి రాలేదు. వడ్ల పనేమో అనుకున్నాం. షెడ్డు తెరిచిన కాసేపటికి చాచాకు ఫోన్ వచ్చింది. విన్నాడు, "హా... హా..." అన్నాడు, చేతిలో బట్టతో గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పాలాయన పడ్డడు బేటీ. మన ఎలక్ట్రీషియన్ ఇంటి కాడనే. వడ్ల కుప్పకు తగిలిండట. దవాఖానకు తెస్తున్నరు."

నేనూ వస్తానంటే మేనేజర్ వద్దన్నాడు. చాచా కూడా "నువ్వు ఈ టైముల దవాఖానలకు రావద్దు" అన్నాడు. నేను వెళ్లాను. దారంతా నాకు ఒకటే ఆలోచన, లైటు ఆరిపోయిందా? వైరు కాలిందా? నేను ఏదైనా అడగడం మరిచానా?

లైటు ఆరిపోలేదు. దవాఖాన వరండాలో ఎలక్ట్రీషియన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా మీద పాలు ఎండి అట్టకట్టాయి, వాటి మీద వడ్ల గింజలు అంటుకుని ఉన్నాయి. మమ్మల్ని చూసి అతను చెప్పిన మొదటి మాట మామ గురించి కాదు.

"మా బాపు ముందుగాల క్యాన్లు లేపిండు చెల్లె."

ముందు వాళ్ల నాన్న సంగతి ఎందుకు చెబుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"సప్పుడుకు ఉరికొచ్చినం. చీకటి. పాలు వడ్లల్లకు పోతున్నయని మా బాపు ముందు క్యాన్లు లేపిండు. మామ అవుతలి పక్క పడున్నడు. బాపుకు కనవడలేదో... కనవడ్డడో... నేను అడగలే. ఎట్ల అడుగుత?"

చాచా అతని భుజం మీద చెయ్యి వేసి, బయటికి తీసుకుపోయి టీ తాగించాడు. నేను లోపలికి వెళ్లాను.

మంచం పక్కన పాలాయన భార్య నిలబడి ఉంది. నేనెవరో చెప్పగానే ఆమె గొంతు లేచింది. "మీరేనా లైటు వెట్టింది? లైటు వెట్టిన్రు, లైటు! సూర్యుడు, సూర్యుడు అని ఊరంత చెప్పుకుంట తిరిగిండు. ఆ బుడ్డి దీపం ఉన్నన్ని రోజులు ఒక్కనాడన్న పడ్డడా మనిషి?"

"నీ నోరు మూయి" అన్నాడాయన మంచం మీద నుంచి. ఎడమ చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టు. నిండు క్యాను దాని మీద పడిందట. "ఆ పిల్లనెందుకు అంటవ్. కూసో బిడ్డా, ఒట్టి మనిషివి గాదు."

నేను కూర్చోలేదు. లైటు వెలగలేదా కాకా అని అడిగాను.

"ఎందుకు వెలగలే? మంచిగ వెలిగింది." కుడి చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "మునుపు ఆ మలుపు కాడ గేరు దించుతుంటి. గేరు దించంగనే పాత లైటు సన్నగయ్యేది. ఏం కనవడకపోయేది. కనవడదని నాకెరుకనే గదా, అందుకని మెల్లగ, అందాజ మీద పక్కకు జరిగి పోతుంటి. ఇప్పుడు కనవడ్తున్నదని పోయిన. రోడ్డంత కనవడ్డది బిడ్డా. కుప్ప ఒక్కటే కనవడలే. నల్ల రోడ్డు, నల్ల కవరు."

"కుప్ప ఉందని తెలియదా కాకా?"

"తెల్వకేంది? నిన్న సాయంత్రం పోతనే అల్లుని బాపుతోని పరాచకమాడిన, జర నా బండికి జాగ ఇడువు బావా అని. ఏటేట ఆడనే పోస్తరు. నాకెరుకనే." ఆయన నవ్వబోయాడు. "ఎరుకున్నదంత లైటు జూసి మరిచిన."

ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. చైను, బ్రేకు, బ్యాటరీ, టైరు, లైటు వంపు, చేతి తొడుగులు, అన్నీ సరిగ్గా చేశాం. విప్పి చూసిన ఏ మెకానిక్ అయినా తప్పు పట్టలేని పని. ఆ మసక లైటుతో ఆ మనిషి ఇన్నేళ్లుగా తనకంటూ ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడని, మేం లైటు మార్చినప్పుడు ఆ పద్ధతిని కూడా విప్పి పక్కన పడేశామని ఎవరం అనుకోలేదు. ఏ సర్వీస్ మాన్యువల్‌లోనూ అది ఉండదు.

కొత్తగా చేరే చెల్లెళ్లూ, మీరు బండి గురించి అడిగేవన్నీ అడగండి. దాంతో పాటు, ఈ బండితో ఇన్నాళ్లు ఎట్ల నెట్టుకొచ్చావు అని కూడా అడగండి. ఏది పాడైతే ఆయన ఏం చేసేవాడో చెప్పనివ్వండి. నేను అడిగి ఉంటే ఆయన పడకుండా ఉండేవాడని అనను. ఏమో, లైటు మోజులో ఆయనా నవ్వేసేవాడు, నేనూ నవ్వేసేదాన్ని. అయినా అడిగి ఉండాల్సింది.

బండిని ట్రాలీలో వేసి షెడ్డుకు తెచ్చారు. హ్యాండిల్ వంగింది, ఫ్రేము ఒక పక్క ఊడింది, క్లచ్ లివర్ విరిగింది. అంతా చుట్టూ చేరాం. ఎలక్ట్రీషియన్ తాళం తిప్పాడు. లైటు వెలిగింది, పసుపుపచ్చగా, నిండుగా. అతను చాలాసేపు ఆర్పలేదు.

మేనేజర్ వచ్చి చూసి, ఆ లైటు కంపెనీది కాదు కాబట్టి మన షెడ్డులో పెట్టామని బయట ఎవరితోనూ అనవద్దన్నాడు. చాచా బట్టతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "ఎవరు అడుగుతరు సాబ్? ఆయన అడగడు. మిగిలినోళ్లు వాళ్ల వడ్లు ఎత్తుకునే పరేషాన్‌ల ఉన్నరు." అది నిజమే. ఊళ్లో పెద్ద మనుషులు కూర్చున్నారు, దవాఖాన ఖర్చు ఎలక్ట్రీషియన్ వాళ్లు పెట్టుకోవాలన్నారు, పోలీసుల దాకా పోవద్దన్నారు. పాలాయన సరే అన్నాడు. కొన్నాళ్లకు ఆ మలుపు మీదే మళ్లీ వడ్లు ఆరాయి. ఇంకెక్కడ ఆరబోస్తారు?

మారింది ఎలక్ట్రీషియన్ ఒక్కడే. ఆయన పడ్డ రోజు సాయంత్రం నుంచే పాలు తను పోయడం మొదలుపెట్టాడు. మొదట ఎవరిదో ఆటోలో, తర్వాత బాగు చేసిన ఆ బండి మీదే. ఆ బండి పని వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున పాలు పోసి షెడ్డుకు వచ్చేసరికి ఆలస్యం, సాయంత్రం పాల వేళకు తొందరగా పోవాలి. అతని దగ్గర గ్రీజు వాసనకు బదులు పాల వాసన వచ్చేది. మునుపటిలా నన్ను ఏడిపించేవాడు కాదు. ట్రైనింగ్‌కు పంపే వేళ వచ్చి మేనేజర్ పిలిస్తే, "ఇప్పుడు గాదు సార్, మామ చెయ్యి బాగయినంక" అన్నాడు. కంపెనీ ఆగదు. ఇంకొకరు పోయారు.

మేమందరం ఎదురుచూసింది ఆ చెయ్యి బాగయ్యే రోజు కోసమే. ఆయన మళ్లీ బండి ఎక్కితే ఆయన పని ఆయనకు, ఇతని పని ఇతనికి. నేను కాన్పుకు సెలవు పెట్టబోయే ముందు ఆ రోజు వచ్చింది. కట్టు విప్పిన తర్వాత, ఎలక్ట్రీషియన్ సాయంత్రం పాలకు బయల్దేరే వేళకు, ఆయన ఎవరి బండి మీదనో ఎక్కి షెడ్డుకు వచ్చాడు. చెయ్యి సన్నబడింది. వేళ్లు కొంచెం ముడుచుకుని ఉన్నాయి.

"ఏం చాచా, నా గుర్రానికి దాణా వెడ్తున్నవా?" అన్నాడు.

"ఎక్కు, ఎక్కి చూడు" అన్నాడు చాచా, నవ్వు తెచ్చుకుంటూ.

ఎలక్ట్రీషియన్ క్యాన్లు దించబోతే వద్దన్నాడు. అలాగే ఎక్కాడు. కిక్కు కొట్టాడు, మొదటి దెబ్బకే స్టార్ట్ అయింది. ఎడమ చెయ్యి తొడుగులోకి పోనిచ్చి క్లచ్ పట్టుకున్నాడు. లివర్ కదలలేదు. ఇంకోసారి పట్టుకున్నాడు. మెడ మీద నరాలు లేచాయి గానీ, వేళ్లు మాత్రం వాటి మానాన అవి ఉన్నాయి. చాచా కూర్చుని కేబుల్ వదులు చేశాడు. లివర్‌ను హ్యాండిల్‌కు దగ్గరగా తిప్పాడు. కొంచెం కదిలింది, గేరు పడేంత కాదు. చాచా ఇంకా వదులు చేయబోయాడు. అంత వదులైతే క్లచ్ విడవదని మా అందరికీ తెలుసు. చాచాకు అందరికంటే ఎక్కువ తెలుసు. అయినా తిప్పుతూనే ఉన్నాడు.

"చాలు చాచా" అన్నాడాయన. ఇంజన్ ఆర్పాడు.

మేనేజర్ బయటికి వచ్చి, క్లచ్ లేని స్కూటీ తీసుకో, దానికి క్యాన్లు కట్టే పద్ధతి చూద్దాం అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడనుకుంటాను.

"దాని బ్రేకు ఎడమ చేతికే ఉంటది గద సారు" అన్నాడాయన.

బండి దిగాడు. సీటు మీద చేత్తో ఒకసారి దుమ్ము దులిపాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ వైపు చూడకుండా, ఏదో రోజూ చెప్పే మాటలాగే చెప్పుకుపోయాడు. బస్టాండ్ పక్క హోటలాయనకు ముందు పోయాలె, ఆయన ఆలస్యమైతే నోరు పారేసుకుంటడు. పై ఊరి పటేల్ ఇంటి కుక్క హారన్ కొడితే మీదికొస్తది, కొట్టద్దు. ముసలమ్మ ఒకామె కొలత తక్కువుందని రోజు పంచాయితీ పెడ్తది, ఇంకింత పోసి ఊకోవాలె. ఎలక్ట్రీషియన్ తల వంచుకుని వింటున్నాడు. మధ్యలో ఒకసారి "మామా, నేను..." అన్నాడు.

"ఏం మాట్లాడకు. నువ్వు వోతెనే వాడుక నిలుస్తది. నా ఇంటికి నా వాటా ఇయ్యి. పో, సాయంత్రం పాలకు పొద్దయితున్నది."

ఎలక్ట్రీషియన్ బండి తీశాడు. పాలాయనను కూడా ఎక్కించుకుపోవాలని వెనక్కి చూశాడు. రెండు పక్కలా క్యాన్లు, ఫ్రేము. వెనక మనిషి కూర్చుంటే కాళ్లు పెట్టే జాగ లేదు. ఆ బండి మీద ఎన్నడూ ఇద్దరు ఎక్కలేదు. "నువ్వు పో రా" అన్నాడాయన. బండి గేటు దాటింది. ఆ తర్వాత అతను షెడ్డుకు పనికి రాలేదు. జీతం తీసుకోవడానికి కూడా రాలేదు, చాచా పట్టుకుపోయి ఇచ్చాడు.

పాలాయన వెంట నేను గేటు దాకా నడిచాను. బయట ఎండ బాగా ఉంది, చలి అప్పటికే పోయింది. ఆయన రోడ్డు పక్కన నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆ తొవ్వలో ఏ ఇంట్లో ఎప్పుడు దీపం వెలుగుతుందో తెలిసిన మనిషి.

"మద్దూరు బస్సు ఎన్నింటికి ఉంటది బిడ్డా?" అని అడిగాడు.

నాకు తెలియదు. లోపలికి వెళ్లి అందరినీ అడిగాను. మా షెడ్డులో ఎవరికీ తెలియదు.